ఇంటి రౌటరు – తెరచి మూయు రేవులు

నెల్లూరు తీరమున కండలేరు పాయ సముద్రమును చేరు చోట కృష్ణపట్నము ఉన్నది. చిరకాలము చిన్న రేవుగా ఉండిన ఈ ఊరు 2008లో పెద్ద ఓడలు వచ్చిపోవు ఆధునిక రేవుగా మారినది. రేవు తెరచి ఉన్ననే వర్తకము సాగును. కాని ఎల్లవేళల, ఎల్లవారికి, ఎట్టి విచారణయు లేక తెరచి ఉన్నచో క్షేమము కాదు. ఏ ఓడ రావలెను, అది ఎచట ఆగవలెను, దానిలోని సరకు ఎవరికి చేరవలెను అను విషయములు తేలిన పిమ్మటనే ఓడ లోనికి వచ్చును.

ఇదే సమస్య కొలది మార్పుతో నేడు తీరగ్రామములలోని ఇండ్లలో గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టెలోను ఎదురగుచున్నది. ఆ పెట్టె పేరు రౌటరు. మైపాడు వంటి ఊరిలో ఒక ఇంటిని ఊహింపవచ్చును. తండ్రికి రొయ్యల చెరువు కలదు. చెరువులో గాలిచక్రములు రాత్రివేళ తిరుగుచున్నవో లేదో చూచుటకు ఒక కెమేరా అమర్చినాడు. కుమార్తె కళాశాలలో చదువుచున్నది. ఆమె తన కంప్యూటరు నుండి దూరదేశపు సర్వరుతో సంభాషించు ఒక ప్రోగ్రామును నడపవలెను. ప్రోగ్రాము మొదలగును, సందేశము వెలుపలికి పోవును, కాని సర్వరు నుండి రావలసిన రెండవ సంబంధము లోనికి రాదు. "రౌటరులోని తలుపులన్నియు తెరచివేసిన సరిపోవును" అని తెలిసినవారెవరో సలహా ఇత్తురు. అట్లు చేసిన పని జరుగును. కాని ఆ తలుపుల గుండ సర్వరుతో పాటు దొంగయు రావచ్చును. తలుపులన్నియు తెరువకయే ఈ పని నెరవేర్చుకొను మార్గమొకటి కలదు. దానినే పోర్టు ట్రిగ్గరింగు అందురు.

చిరునామా, పోర్టు

ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకు ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉండును. దీనిని ఐ.పి. చిరునామా అందురు. ఉత్తరముపై వ్రాయు ఇంటి నంబరు వంటిది ఇది. కాని ఒకే కంప్యూటరులో ఒకే సమయమున పెక్కు పనులు జరుగుచుండును: ఒక ప్రోగ్రాము ఈమెయిలు తెచ్చుచుండును, మరొకటి వెబ్ పుటను చూపుచుండును, ఇంకొకటి పాట వినిపించుచుండును. ఇంటికి చేరిన ఉత్తరము ఇంటిలో ఎవరిదో తెలియవలెను గదా! అందుకొరకు చిరునామాకు తోడు మరొక సంఖ్య చేర్చబడును. అదియే పోర్టు సంఖ్య.

లాటిను భాషలో ద్వారమును పోర్టా అనియు, ఓడరేవును పోర్టస్ అనియు అందురు. కంప్యూటరు పోర్టునకు ఈ రెండు భావములును సరిపోవును. అయితే ఇది కంటికి కనిపించు రంధ్రము కాదు. తీగ గుచ్చు స్థానము కాదు. కేవలము ఒక సంఖ్య మాత్రమే. దీనికి 16 బిట్లు కేటాయింపబడినవి. 2ను 16 మారులు హెచ్చించిన 65,536 వచ్చును. కనుక పోర్టులు 0 నుండి 65535 వరకు ఉండును. వీనిలో కొన్నిటికి పనులు నిర్ణయింపబడినవి. వెబ్ పుటలకు 80, రహస్యలిపిలో సాగు వెబ్ సంబంధములకు 443, సర్వరుల నడుమ ఈమెయిలు పంపుటకు 25, ఫైళ్ల బదిలీకి 21 అని వాడుక.

చిరునామాలు చాలకపోవుట

నేటికిని విస్తారముగా వాడుకలో ఉన్న నాలుగవ సంచిక ఐ.పి. పద్ధతిలో చిరునామాకు 32 బిట్లు కలవు. అనగా మొత్తము చిరునామాలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. 1983 జనవరి 1న ఆనాటి ఆర్పానెట్టు ఈ పద్ధతికి మారినప్పుడు ఇది తరుగని ధనముగా తోచినది. పది పండ్రెండు సంవత్సరములు గడచునప్పటికి చాలదని తేలినది. ప్రపంచ నిలువలోని చివరి చిరునామా భాగములు 2011 ఫిబ్రవరి 3న ఖండములవారీ సంస్థలకు పంచివేయబడినవి.

ఈ కరవును ముందుగా ఊహించి 1994 మే నెలలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు ఇంజనీర్లు ఒక ఉపాయమును ప్రకటించిరి. దీని పేరు చిరునామా మార్పిడి. వాడుకలో నాట్ అని పిలువబడుచున్నది. ఇంటిలోని యంత్రములకు లోపలి చిరునామాలు ఉండును. ఇవి ఆ ఇంటిలోనే చెల్లును. వేరొక ఇంటిలో అవే సంఖ్యలు మరల వాడుకొనవచ్చును. 192.168తో మొదలగు సంఖ్యలు, 10తో మొదలగు సంఖ్యలు, 172.16 నుండి 172.31 వరకు గల సంఖ్యలు ఈ పనికి 1996లో స్థిరముగా ప్రత్యేకింపబడినవి. వెలుపలి ప్రపంచమునకు ఇంటి మొత్తమునకు ఒకే చిరునామా కనిపించును. అది రౌటరునకు చెందినది.

ఒక ఉదాహరణ: కుమార్తె కంప్యూటరు లోపలి చిరునామా 192.168.1.5 అనుకొందము. రౌటరు వెలుపలి చిరునామా 203.0.113.10 అనుకొందము (ఇది ఉదాహరణల కొరకే కేటాయించిన సంఖ్య). కంప్యూటరు తన 50000వ పోర్టు నుండి ఒక సర్వరునకు సందేశము పంపినది. రౌటరు దానిపై గల పంపినవారి చిరునామాను చెరిపి, తన చిరునామాను, తనకు తోచిన ఒక పోర్టు సంఖ్యను, ఉదాహరణకు 61000ను, వ్రాసి పంపును. పంపునప్పుడు తన పట్టికలో ఇట్లు గుర్తు పెట్టుకొనును: "61000కు వచ్చు జవాబు 192.168.1.5లోని 50000వ పోర్టునకు చెందినది." జవాబు వచ్చినప్పుడు పట్టిక చూచి సరియైన యంత్రమునకు అందించును. ఇంటిలో పది యంత్రములున్నను తికమక లేదు.

ఈ ఏర్పాటువలన అనుకోని లాభమొకటి కలిగినది. పట్టికలో లేని పోర్టునకు వెలుపలి నుండి ఏదైన వచ్చినచో, అది ఎవరిదో రౌటరునకు తెలియదు. కనుక దానిని పారవేయును. అడుగక వచ్చినదానికి ప్రవేశము లేదు. ఇది ఇంటికి కొంత రక్షణ. కాని కుమార్తె ప్రోగ్రామునకు అడ్డుపడినదియు ఇదియే.

ఎదురు సంబంధము

కొన్ని పద్ధతులలో, ఒక పోర్టున సంభాషణ మొదలైన పిమ్మట సర్వరు తనంతట తాను మరొక పోర్టునకు క్రొత్త సంబంధమును కలుపును. ఇట్టి పద్ధతులు అవివేకము వలన పుట్టినవి కావు. ప్రతి కంప్యూటరునకు సొంత వెలుపలి చిరునామా ఉన్న కాలమున అవి ఏర్పడినవి. ఫైళ్ల బదిలీ పద్ధతియగు ఎఫ్.టి.పి. దీనికి మంచి నిదర్శనము. దీని తొలి ప్రతిపాదనను 1971లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధకులుగా ఉండిన భారతీయుడు అభయ్ భూషణ్ రచించిరి. వారు కాన్పూరు ఐ.ఐ.టి. తొలి జట్టు పట్టభద్రులలో ఒకరు. ఆ పద్ధతి పలుమార్లు సవరింపబడి 1985లో స్థిరరూపము పొందినది. దాని ప్రకారము ఆజ్ఞలు సర్వరు యొక్క 21వ పోర్టునకు పోవును. ఫైలు మాత్రము వేరొక సంబంధమున వచ్చును. ఆ రెండవ సంబంధమును సర్వరే 20వ పోర్టు నుండి కలుపుట మొదటి పద్ధతి. నడుమ రౌటరు పట్టిక వచ్చి కూర్చున్న పిమ్మట ఇది చిక్కైనది. అందుచేత రెండు సంబంధములును లోపలి యంత్రమే మొదలుపెట్టు మరొక పద్ధతి నేడు ఎక్కువగా వాడబడుచున్నది.

పోర్టు ట్రిగ్గరింగు బోధించుటకు ఇంకను తేలికయైన ఉదాహరణము ఐ.ఆర్.సి. అను సంభాషణ పద్ధతి. దీనిని 1988లో ఫిన్లాండు దేశమున ఔలు విశ్వవిద్యాలయమునందు యార్కో ఒయికారినెన్ రూపొందించెను. ఇందు కంప్యూటరు సర్వరు యొక్క 6667వ పోర్టునకు సంబంధము కలుపును. పెక్కు సర్వరులు వెంటనే వెనుదిరిగి, వచ్చిన కంప్యూటరు యొక్క 113వ పోర్టును తట్టి "ఈ సంబంధమును కోరిన వినియోగదారుడెవరు?" అని ప్రశ్నించును. కుమార్తె ఇంటి రౌటరు పట్టికలో 113 లేదు. ప్రశ్న లోనికి రాదు, జవాబు పోదు. సర్వరు కొంతసేపు వేచియుండును. కొన్ని సర్వరులు ప్రవేశమునే నిరాకరించును.

ట్రిగ్గరింగు పనిచేయు విధము

ట్రిగ్గరు అనగా తుపాకి మీట. మీట నొక్కినగాని గుండు కదలదు. ఇక్కడ మీట ఏదనగా, లోపలి నుండి వెలుపలికి పోవు సందేశము. రౌటరునకు ముందుగా ఇట్టి ఆజ్ఞ ఇచ్చి ఉంచవలెను: "ఇంటిలోని ఏ యంత్రమైనను వెలుపలి 6667వ పోర్టునకు సందేశము పంపినచో, వెంటనే 113వ పోర్టును తెరువుము, దానికి వచ్చునదంతయు, ఆ సందేశము పంపిన యంత్రమునకే అందజేయుము, కొంతసేపు ఏమియు రాకపోకలు లేనిచో పోర్టును మరల మూయుము." ఇందు 6667ను ప్రేరక పోర్టు అనియు, 113ను ప్రవేశ పోర్టు అనియు చెప్పవచ్చును.

రేవు భాషలో చెప్పవలెనన్న, ఒక వర్తకుడు ఫలానా దేశమునకు ఓడ పంపిన దినమున మాత్రమే ఆ దేశపు ఎదురు ఓడకు ఒక రేవు తెరచి, సరకును ఆ వర్తకుని గిడ్డంగికే చేర్చి, పని ముగిసిన పిమ్మట మూసివేయుట వంటిది ఇది. వర్తకుని పేరు ముందుగా వ్రాసి ఉంచవలసిన పని లేదు. ఎవరు ఓడ పంపిన వారికే ఆనాటికి ఆ రేవు.

దీనికి భిన్నమైనది పోర్టు ఫార్వార్డింగు. అందు ఒక పోర్టును ఒక నిర్ణీత యంత్రమునకు శాశ్వతముగా తెరచి ఉంచుదురు. ఆ యంత్రపు లోపలి చిరునామా మారరాదు. మారినచో ఏర్పాటు చెడును. ట్రిగ్గరింగునకు ఆ నిర్బంధము లేదు. ఏ యంత్రము మీట నొక్కినదో రౌటరు ఆ క్షణమున గమనించును గదా! ఇక మూడవది డీఎంజెడ్ అను ఏర్పాటు. పట్టికలో లేని సందేశములన్నిటిని ఒకే యంత్రము మీదికి వదలివేయుట దీని స్వభావము. తలుపులన్నియు తెరువుమను సలహాకు అర్థము సాధారణముగా ఇదియే.

అమర్చు క్రమము

అన్ని రౌటరులలోను ఈ సౌకర్యము ఉండదు. ఉన్నవానిలోను పేర్లు, స్థానములు తయారీదారుని బట్టి మారును. కాని సామాన్య క్రమము ఒక్కటే.

మొదట, ఇంటి వైఫై లేక తీగ ద్వారా రౌటరుతో కలిసియున్న కంప్యూటరులో బ్రౌజరు తెరచి రౌటరు లోపలి చిరునామాను వ్రాయవలెను. ఇది తరచుగా 192.168.1.1 గాని 192.168.0.1 గాని అయి ఉండును. సాధారణముగా పెట్టె అడుగున అంటించిన చీటీపై ముద్రింపబడి ఉండును. పేరు, సంకేతపదము అడుగును. కర్మాగారములో పెట్టిన సంకేతపదమే ఇంకను ఉన్నచో, వేరే పని ఏదియు చేయక ముందే దానిని మార్చవలెను.

రెండవది, అడ్వాన్స్‌డ్ లేక నాట్ లేక ఫార్వార్డింగు అను శీర్షికల క్రింద పోర్టు ట్రిగ్గరింగు అను పుటను వెదకి, క్రొత్త నియమము చేర్చవలెను. నియమమునకు గుర్తుగా ఒక పేరు. ప్రేరక పోర్టు 6667. ప్రవేశ పోర్టు 113. రెండింటికిని ప్రోటోకాలు టి.సి.పి. అని నింపవలెను. ఇతర ప్రోగ్రాములకు ఏ సంఖ్యలు కావలెనో, టి.సి.పి.యో యు.డి.పి.యో, ఆ ప్రోగ్రాము తయారుచేసినవారి వివరణ పత్రమునుండి గ్రహింపవలెనే గాని ఊహింపరాదు. తెలియక 1 నుండి 65535 వరకు ప్రవేశ పోర్టులుగా వ్రాయుట మొదటి సలహాకు మరొక రూపమే.

మూడవది, నియమమును అమలులో ఉంచి భద్రపరచి, ప్రోగ్రామును మొదలునుండి నడపవలెను. ముందుగా నడచుచున్న సంబంధము మీటగా పనిచేయకపోవచ్చును. కావున దానిని ఆపి తిరిగి ప్రారంభించుట మేలు.

పనిచేయనప్పుడు

ఫలితము లేనిచో కారణములను వరుసగా పరీక్షింపవలెను. కంప్యూటరులోని సొంత ఫైర్‌వాలు ఆ పోర్టును అడ్డుచుండవచ్చును. లోపల ఆ పోర్టున వినుచున్న ప్రోగ్రామే లేకపోవచ్చును. తలుపు తెరచినను ఇంటిలో మనిషి లేనిచో పలుకువారెవరు? లేదా అదే సమయమున ఇంటిలోని మరొక కంప్యూటరు అదే మీటను నొక్కి ఉండవచ్చును. ఒక ప్రవేశ పోర్టు ఒకప్పుడు ఒక యంత్రమునకే చెందును. అన్నదమ్ములిద్దరు ఒకే ప్రోగ్రామును ఒకేసారి నడిపిన ఒకరికే దక్కును. ఇది ట్రిగ్గరింగునకు సహజమైన లోపము.

వీనిలో ఏదియు కానిచో మరొక కారణమును పరిశీలింపవలెను. చిరునామాల కరవు వలన పెక్కు ఇంటర్నెట్టు సంస్థలు తమ వద్దనే మరొక పెద్ద మార్పిడి యంత్రమును పెట్టి, అనేక గృహములకు కలిపి ఒకే వెలుపలి చిరునామాను వాడుచున్నవి. ఇందుకొరకు 2012లో 100.64 నుండి 100.127 వరకు గల సంఖ్యలు ప్రత్యేకింపబడినవి. రౌటరు స్థితి తెలుపు పుటలో వెలుపలి చిరునామా ఈ వరుసలో గాని, ముందు చెప్పిన 10, 172.16 – 172.31, 192.168 వరుసలలో గాని ఉన్నచో, ఆ ఇంటికి అసలు వెలుపలి చిరునామా లేదన్నమాట. ఇంటి తలుపు తెరచినను వీధి గేటు మూసియున్నట్లు, ఇంటి రౌటరులో ఎన్ని నియమములు వ్రాసినను ప్రయోజనము లేదు. సంస్థవారిని సొంత వెలుపలి చిరునామా కోరుటయో, ఎదురు సంబంధము అక్కరలేని పద్ధతిని ఎన్నుకొనుటయో చేయవలెను.

ఎచట తగును, ఎచట తగదు

ఇప్పుడు తండ్రి కెమేరా సంగతి చూడవలెను. నడిరాత్రి వెలుపలి నుండి తండ్రి కెమేరాను పిలుచును. అంతకు ముందు కెమేరా ఎవరికిని సందేశము పంపలేదు. మీట నొక్కువారు లేరు. కనుక ట్రిగ్గరింగు ఇచట పనికిరాదు. లోపలివారు ముందుగా మాట్లాడు పనులకే అది తగును. కెమేరా కొరకు పోర్టును శాశ్వతముగా తెరచి ఉంచిన పని జరుగును. కాని దాని అపాయము 2016లో లోకమునకు తెలిసినది. మిరాయి అను దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టులో తలుపు తెరచియున్న కెమేరాలను, రౌటరులను వెదకి, కర్మాగారములో పెట్టిన సంకేతపదములను వరుసగా ప్రయత్నించి లోబరచుకొనినది. ఆ సంవత్సరము అక్టోబరు 21న అట్లు లోబడిన యంత్రములు ఒక్కుమ్మడిగా డిన్ అను సంస్థ సర్వరులపై బడగా, అమెరికాలో పెక్కు ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి అందక పోయినవి. ఆ కెమేరాల యజమానులలో పెక్కుమందికి తమ పరికరము దాడిలో పాల్గొనినదని తెలిసియుండదు. కావున తానే వెలుపలి సర్వరుతో సంబంధము కలుపుకొను కెమేరాను తెచ్చుకొని, సంకేతపదము మార్చి, పోర్టు తెరువకయుండుట తండ్రికి మేలు.

ట్రిగ్గరింగు సయితము పూర్తి రక్షణ కాదు. తెరచియున్న కొద్దిసేపు, ఆ పోర్టునకు సాధారణముగా కోరిన సర్వరే గాక ఎవరైనను రావచ్చును. మీట నొక్కినది మంచి ప్రోగ్రామో, కంప్యూటరులో దూరిన చెడు ప్రోగ్రామో రౌటరు విచారింపదు. యు.పి.ఎన్.పి. అను మరొక ఏర్పాటులో ప్రోగ్రాములే రౌటరును అడిగి పోర్టులు తెరిపించుకొనును. అందును ఈ లోపమే కలదు. కనుక అవసరము తీరిన నియమములను తొలగించుట, రౌటరు సాఫ్ట్‌వేరును అప్పుడప్పుడు నవీకరించుట మరువరాదు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు దీనిని యంత్రము లేకయే బోధింపవచ్చును. గుమ్మమువద్ద ఒక విద్యార్థిని రౌటరుగా నిలిపి చేతికి పలక ఇవ్వవలెను. లోపల ముగ్గురు విద్యార్థులు 2, 3, 4 సంఖ్యలు ధరింతురు; వెలుపల ఒకడు సర్వరు. లోపలివారు చీటీలు పంపునప్పుడు రౌటరు తన సంఖ్య వేసి, పలకపై గుర్తు వ్రాసికొని, జవాబులను సరిగా అందించవలెను. పిమ్మట సర్వరు పలకపై లేని 113 సంఖ్యతో ఒక చీటీ పంపును. రౌటరు దానిని పారవేయును. తరువాత రౌటరునకు ట్రిగ్గరు నియమము చెప్పి, 3వ విద్యార్థి చేత 6667 చీటీ పంపించి, అదే ప్రయోగమును మరల చేయవలెను. చివరకు 2, 3 సంఖ్యల వారిద్దరును ఒకేసారి పంపినచో ఏమగునో విద్యార్థులనే చెప్పుమనవలెను.

ఆరవ సంచిక ఐ.పి.లో చిరునామాకు 128 బిట్లు కలవు. అది పూర్తిగా వ్యాపించినప్పుడు ప్రతి యంత్రమునకు సొంత చిరునామా దొరకును. చిరునామా మార్పిడి అవసరము తగ్గును. కాని రౌటరులోని ఫైర్‌వాలు అప్పుడును ఉండవలసినదే. చిరునామాల కరవు తీరినను, వచ్చినవారిని విచారించు పని తీరదు. మైపాడు ఇంటి కుమార్తె తన పని ముగిసిన వెనుక కంప్యూటరు ఆపి పరుండును. కొంతసేపటికి 113వ పోర్టు దానంతట అదే మూసికొనును. చెరువుగట్టున తండ్రి కెమేరా, ఎవరికిని తలుపు తీయకయే, గాలిచక్రములను చూపుచుండును.